పాత చిత్రాల జీర్ణోద్ధరణ

చలనచిత్రానికి మూలప్రతి దాని నెగెటివ్. 1993లో లండన్‌లోని ఒక లేబరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలి’ (1955) నెగెటివ్ చాలవరకు కాలి పెళుసెక్కింది. ఇటలీలోని బొలోన్యా నిపుణులు దానికి తిరిగి తేమ పట్టించి, చినిగిన అంచులను చేతితో అతికారు. దక్కని భాగాలను వేరుచోట్ల భద్రపరచిన ప్రతులనుండి పూరించారు. పని 2015లో ముగిసింది. రే తీసిన చిత్రమే మనకు తిరిగి లభించింది.

మన ‘మాయాబజార్’ (1957) విషయం వేరు. 2010లో దానికి రంగులద్దారు. అప్పటికి దర్శకుడు కె.వి. రెడ్డిగాని, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లేగాని జీవించి లేరు. వారి సమ్మతి అడిగే వీలు లేదు. బార్‌ట్లే వెన్నెలను సృష్టించినది నలుపు తెలుపుల తారతమ్యంతోనే. ఆ కూర్పులో మరొక రంగుకు చోటెక్కడిది? రంగుల ప్రతి కొత్తతరం వారిని థియేటరుకు రప్పించిన మాట నిజమే; దానిని తప్పుపట్టనక్కరలేదు. అయితే అది ఒక అనువాదం వంటిది. అనువాదం వెలువడినదని మూలగ్రంథాన్ని ఎవరూ అటకెక్కించరు గదా!

కనుక నలుపు తెలుపు ప్రతి కూడ ప్రదర్శనకు అందుబాటులో ఉండాలి. ఏ భాగాన్ని ఎక్కడినుండి గ్రహించారో, ఏది కొత్తగా చేర్చారో పునరుద్ధరించిన ప్రతి చిత్రం ఆరంభంలోనే ప్రేక్షకునికి తెలుపవలసి ఉన్నది.