స్ప్రింగు ఎంత పొడవుండాలి?

(బి.యస్సీ. రెండవ సంవత్సరం)

ఫిజిక్సు ల్యాబులో మనమందరం చేసిన ప్రయోగం ఒకటున్నది. స్టాండుకు స్ప్రింగు వేలాడదీసి, బరువులు ఒక్కొక్కటే తగిలించి, ముల్లు ఎంత దిగిందో స్కేలు మీద చూసి గ్రాఫు గీస్తాము. సరళరేఖ వస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది. 1678లో రాబర్టు హుక్ వివరించిన ఆ సూత్రాన్ని అంతటితో మరచిపోతాము. అయితే మన పల్లెదారుల్లో నడిచే ప్రతి బండీ దాని మీదనే ఆధారపడి ఉన్నది.

మనది వాన కరువు సీమ. వంకలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటాయి గనుక చాలా ఊళ్ళకు దారి వంకలో దిగి, ఇసుకలో నడిచి, ఒడ్డెక్కేదే. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా మొదటి సెల్టోస్ కారును బయటికి తెచ్చింది (2022 నుండి ఆ ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లా). అప్పటినుండి మన హాస్టలు కబుర్లలో సినిమాలతో పాటు కార్లూ చేరాయి. కొందరికి కారు నేలకు దిగాలి, మరికొందరికి పైకి లేవాలి. షెడ్డులో ఇద్దరికీ సలహా సిద్ధం. దిగాలంటే స్ప్రింగు ఒక చుట్టు కోసేది, లేవాలంటే కింద ఒక బిళ్ళ పెట్టేది.

కాయిలోవర్ అన్న పేరు కొత్తగా ఉన్నా వస్తువు పాతదే. షాక్ అబ్జార్బరు మీద స్ప్రింగు తొడిగితే కాయిలోవర్. మోటారు సైకిలు వెనక చక్రానికి ఇరుపక్కలా రోజూ చూసేది అదే. చాలా కార్ల ముందు చక్రాలకుండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ దానికి అన్నదమ్ము వరస. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకు ఊగును ఆపుతుంది. విడిగా అమ్మే కాయిలోవర్లలో స్ప్రింగు కింది పళ్ళెం మర మీద పైకీ కిందికీ తిరుగుతుంది.

ఇక లెక్క. ఇవి సులువు కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ కంపెనీ కారువీ కావు. స్ప్రింగు పొడవు 250 మి.మీ., తీగ మందం 12, చుట్లు 7. అందులో రెండు కొనలవి ఆనుకొనే ఉంటాయి, పనిచేసేవి 5. మి.మీ. కుంగడానికి 5 కిలోలు కావాలి. చక్రం మీద 300 కిలోలు పడితే 60 కుంగి 190 దగ్గర నిలుస్తుంది. షాకు పూర్తిగా సాగినప్పుడు రెండు పళ్ళేల మధ్య దూరం 240, పూర్తిగా మూసుకుంటే 110. అంటే చక్రం 80 పైకి, 50 కిందికి ఆడగలదు. చుట్లన్నీ ఒకదానికొకటి తగిలితే స్ప్రింగు 84 అవుతుంది, అంతకంటె కుంగదు.

ఇప్పుడు ఒక చుట్టు కోద్దాం. పనిచేసే చుట్లు 4, పొడవు సుమారు 205. చుట్లు తగ్గితే గట్టితనం పెరుగుతుంది, మి.మీ.కు 6.25 కిలోలు. 300 కిలోలకు 48 కుంగి 157 దగ్గర నిలిచింది. కారు 33 దిగింది. చూడ్డానికి బాగుంది. కాని చక్రం పైకి ఆడే జాగా 80 నుండి 47కు పడిపోయింది. గట్టిపడ్డ స్ప్రింగే త్వరగా అడుగంటుతుందన్న మాట! పైగా చక్రం గుంతలో వేలాడినప్పుడు పళ్ళేల మధ్య 240 ఉంటే స్ప్రింగు 205. మిగతా 35 వదులు. చక్రం మళ్ళీ నేలకు తగిలేటప్పుడు స్ప్రింగు తన చోట కూర్చుంటుందన్న నమ్మకం లేదు.

50 మి.మీ. బిళ్ళ సంగతి ఇంకా చిత్రం. కారు 50 లేస్తుంది. నిలిచిన చోటే షాకు పూర్తిగా సాగిపోయి ఉంటుంది. చక్రం కిందికి దిగే వీలే లేదు, చిన్న గుంతకూ గాలిలో తేలుతుంది. పైకి పోతే 110లో బిళ్ళ 50 పోను స్ప్రింగుకు మిగిలేది 60, అది 84 దగ్గరే ఆగిపోతుంది. ఆ దెబ్బంతా బాడీకి.

మా చిన్నాయన వాళ్ళు శెనక్కాయల డబ్బు పోగేసి పాత కారొకటి కొన్నారు. ఊర్లో కాన్పు నొప్పులొచ్చినా, ముసలివాళ్ళకు ఊపిరాడకపోయినా వంక దాటేది అందులోనే. మా అన్న దాన్ని దించాలని పట్టుబట్టినాడు. ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపితే, "నీ లెక్కలతో కారు నడుస్తాదేమిరా" అని నవ్వినాడు. చిన్నాయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాబట్టి కొత్త స్ప్రింగు కొనేవారు ఎత్తు సంగతి తర్వాత చూడాలి. ముందు లారీల కాటా మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించి, సగం చేసి, చక్రం, బ్రేకుల బరువు తీసివేయాలి. దాన్నిబట్టి గట్టితనం తేలుతుంది. పొడవు రెండు కొసల మధ్య ఇమడాలి: షాకు పూర్తిగా సాగినా స్ప్రింగు కొంచెం బిగువుగానే ఉండాలి, పూర్తిగా మూసుకున్నా చుట్లు తగలకూడదు. ఎత్తును ఆ పైన పళ్ళెం మరతో సరిచేసుకోవచ్చు, అదీ షాకు ఆటలో సగానికి తక్కువ కాకుండా పైకి మిగిలేటట్లు.

తూయించేటప్పుడు కారు ఖాళీగా ఉండకూడదు. మన వైపు ఖాళీ కారు ఎప్పుడు పోయింది? మనుషులూ మూటలూ కలిసి ఒక చక్రం మీద మరో 80 కిలోలు పడితే మొదటి స్ప్రింగుకు ఇంకా 64 మి.మీ. జాగా ఉంటుంది. కోసినదానికి మిగిలేది 34.