స్వభావమా? రుగ్మతా?

కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక మాసంలో పల్నాటి వీరారాధన జరుగుతుంది. పన్నెండవ శతాబ్దంలో అక్కడ జరిగిన యుద్ధాన్ని శ్రీనాథుడు ద్విపద కావ్యంగా రచించాడని ప్రసిద్ధి. ఆ కథ చెప్పుకొనేటప్పుడు నాగమ్మది అనుమాన బుద్ధి, బాలచంద్రునిది దుడుకుతనం అని ఒక్క మాటలో తేల్చివేస్తుంటాము. నేటి విద్యార్థులు తోటివారిని 'సైకో' అనడం కూడా ఇటువంటిదే. ఇది ఎంతవరకు న్యాయం?

మనిషి ఆలోచించే తీరు, ఇతరులతో మెలిగే తీరు, ఉద్వేగాలను అదుపు చేసుకొనే తీరు కలిసి మూర్తిమత్వం అవుతాయి. ఆ తీరు మార్పునకు లొంగక, ఏళ్ళ తరబడి, ఇంటా బయటా తనకో ఇతరులకో బాధ కలిగిస్తే అది మూర్తిమత్వ రుగ్మత. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన గ్రంథం ఇందులో పది రకాలను మూడు వర్గాలుగా విభజించింది.

1. అకారణమైన అనుమానం, ఏకాంతప్రియత్వం, వింత నమ్మకాలు గలవి.
2. నిలకడలేని ఉద్వేగాలు, మెప్పుకోసం ఆరాటం, అహంభావం, పరుల హక్కులను లెక్కచేయకపోవడం గలవి.
3. తిరస్కార భయం, పరాధీనత, మితిమీరిన నియమపాలన గలవి.

2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం ఈ రకాలకంటె రుగ్మత తీవ్రతకే ప్రాధాన్యమిచ్చింది.

ఈ కొలతతో కావ్యాన్ని మళ్ళీ చూద్దాం. బొంగరం తగిలిన స్త్రీ దెప్పిపొడవగా బాలచంద్రుడు యుద్ధానికి కదిలాడు. అది ఒక సందర్భంలో పుట్టిన రోషం. పొరుగున పగవారున్నప్పుడు మంత్రిణి నాగమ్మ శంకించడం అకారణం కాదు. కులభేదం లేని చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు నాటి ఆచారాన్ని కాదన్నాడు. లోకాచారానికి ఎదురు నిలిచినంత మాత్రాన అది రుగ్మత కాదు.

కాబట్టి ఒక్క చేష్టను చూసి రుగ్మతను నిర్ణయించరాదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారి స్వభావం ఇంకా రూపుదిద్దుకొంటూ ఉంటుంది గనుక వైద్యులు సైతం వారి విషయంలో తొందరపడరు. మిత్రుడు తనను తాను గాయపరచుకొంటున్నా, బంధాలన్నీ తెంచుకొంటున్నా అతనిని వెక్కిరించక, పెద్దలకు తెలియజేయాలి. 2022లో ప్రారంభమైన 'టెలీ మానస్' 14416 సంఖ్యకు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా లభిస్తుంది. మాటల ద్వారా సాగే చికిత్సతో ఎందరో కుదుటపడుతున్నారు.

అర్థాలు
రుగ్మత = వ్యాధి; రోషం = పౌరుషంతో కూడిన కోపం; పరాధీనత = ఇతరులపై ఆధారపడడం

ప్రశ్నలు
1. మూర్తిమత్వ రుగ్మతను గుర్తించే లక్షణాలేవి?
2. బాలచంద్రుని రోషం రుగ్మత కాదని ఎట్లు చెప్పగలరు?