పాత సైకిలుకు క్రొత్త చక్రములు

హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారములు ఒకప్పుడు పల్లెలు. పిమ్మట అచ్చట పారిశ్రామిక వాడలు వెలసినవి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2017లో ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చినది. ఈ మార్గములలో లారీలు, బస్సుల నడుమ పాత సైకిలుపై సాగు కార్మికునకు గాని, ఘటకేసరము వైపునుండి పాలక్యానులు తెచ్చు రైతునకు గాని బ్రేకే ప్రాణరక్షణము. చక్రము మార్చునప్పుడు ఈ బ్రేకు సంగతి మరువరాదు. కావున పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు కొన్నింటిని ఇచట తెలుపుచున్నాము.

మొదటిది కొలత. పాత పెద్ద సైకిలు టైరుపై 28 x 1½ అని ఉండును. నేడు అమ్ముడుపోవు కొన్ని టైర్లపైనను 28 అనియే ఉండును. కాని రెండును ఒకటి కావు. టైరు అంచు రిమ్ముపై కూర్చుండు చోట అడ్డుకొలత పాతదానికి 635 మిల్లీమీటర్లు, క్రొత్తదానికి 622 మిల్లీమీటర్లు. ఒకదాని టైరు మరియొకదానికి పనికిరాదు. 26 అను పేరుతోను 559, 584, 590 మిల్లీమీటర్ల భేదములు కలవు. కావున అంగుళముల లెక్కను నమ్మక, టైరు ప్రక్కన ముద్రించిన 40-635 వంటి అంకెలను చూడవలెను. ఇందు మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము కొలత.

రెండవది బ్రేకు. పాత సైకిలునకు తీగకు బదులు ఇనుప కడ్డీలుండును. పిడిని నొక్కినచో రబ్బరు ముక్కలు ఇరుసు వైపునుండి బయటకు లాగబడి, రిమ్ము లోపలి ముఖమును అదుమును. క్రొత్త రిమ్ములు చాలవరకు ప్రక్కలనుండి పట్టు బ్రేకులకై చేసినవి. వాని లోపలి ముఖమున రబ్బరునకు తగిన పట్టు దొరకదు. చక్రము చక్కగా తిరుగును, కాని బండి ఆగదు! కనుక పాత ఆకారపు 635 రిమ్మునే వేయించవలెను. లేనిచో చక్రముతోపాటు బ్రేకును గూడ మార్పించవలెను.

మూడవది అమరిక. పాత హబ్బునే ఉంచి రిమ్ము మాత్రము మార్చునెడల రంధ్రముల సంఖ్య సరిపోవలెను. పాత బండ్లలో ముందు 32, వెనుక 40 స్పోకులుండుట వాడుక. గేర్ల సైకిలు వెనుక హబ్బు 130 లేక 135 మిల్లీమీటర్ల వెడల్పు కలది. పాత చట్రమునకు అది వెడల్పెక్కువ. దానిని దూర్చుటకై చట్రమును బలవంతముగా విప్పదీయరాదు.

బిగించిన పిదప చక్రమును ఎత్తి త్రిప్పి చూడుడు. అది ఎచ్చటను రాయరాదు, ఊగరాదు. బరువు లేకుండ సమతలముపై మెల్లగా నడిపి, రెండు బ్రేకులను విడివిడిగా పరీక్షింపుడు. కొన్ని దినముల తరువాత స్పోకులను మరల బిగింపించుడు.

సభ్యులు తమ గ్రామములోని సైకిలు దుకాణమున ఈ కొలతలను ఒక అట్టపై వ్రాయించి వ్రేలాడదీయించుట మేలు. కొనుటకు పోవువాడు పాత టైరును వెంట గొనిపోవలెను. అది చేసిన గ్రామమున పేదవాని సొమ్ము వృథా కాదు. అతడు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరును.