పచింకోకి పెట్టె చేద్దాం చెల్లీ

చెల్లీ, ఎస్టేట్ సేల్‌లో పచింకో అనే జపాన్ గోళీలాట మిషన్ కొన్నానని నువ్వు ఫోటోలు పంపినప్పటి నుంచీ నా ధ్యాసంతా దాని మీదే. మరిదిగారు గోడకి నాలుగు మేకులు కొట్టి తగిలించేద్దాం అంటున్నారట కదా. వద్దని చెప్పు. దానికి పెట్టె కావాలి. ఎందుకు కావాలో తెలిస్తే ఎలా చెయ్యాలో సగం తెలిసినట్టే, అందుకని ముందు ఆ సంగతి చెప్తాను, విను.

జపాన్‌లో పచింకో మిషన్ ఒంటరిగా ఉండదు. పచింకో హాల్లో బారులు తీర్చి పెడతారు, రెండేసి వరసలు వీపులు చేర్చుకుని నిలబడతాయి. మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, నగోయాలో మసమురా తకెఇచి అనే ఆయన ఆటపలక మీది మేకుల అమరిక మార్చి ఈ ఆటకి ఇప్పటి రూపం తెచ్చాడు. దేశమంతా దాని మోజులో పడిన ఆ రోజుల్లో ఆ సందుల్లో పనిచేసింది ఆడపిల్లలు. ఓడిపోయిన గోళీలు మిషన్ వెనకవైపు కిందికి రాలిపోతాయి. వాటిని పోగుచేసి మళ్లీ పైనున్న తొట్టిలో పొయ్యాలి. గోళీ ఇరుక్కుంటే ఆడేవాళ్లు అద్దం మీద తట్టేవాళ్లు, వెనకనుంచి ఈ పిల్లలే సరిచేసేవాళ్లు. దీపాలూ సందడీ అంతా ముందువైపు. వాళ్లు మాత్రం ఆ ఇరుకులో, పొద్దస్తమానం నిలబడి. తర్వాత్తర్వాత ఆ పనిని యంత్రాలు అందుకున్నాయి. నాకు మాత్రం పచింకో అనగానే వాళ్లే గుర్తొస్తారు.

నీ ఇంటికి వచ్చింది మిషన్ ఒక్కటే తల్లీ. ఆ సందు రాలేదు. ఆ చేతులు రాలేదు. నువ్వు చేయబోయే పెట్టె ఆ పని చెయ్యాలి, అంతేగానీ ఊరికే చుట్టూ నాలుగు పలకలు బిగిస్తే సరిపోదు.

నీ ఫోటోలో ఉన్నది నిషిజిన్ కంపెనీ మిషన్. జపాన్ హాళ్లు పాతవి తీసేసి కొత్తవి పెట్టుకుంటూ ఉంటే, 1970లలో ఆ తీసేసినవి ఓడలెక్కి అమెరికా వచ్చాయి. ఇక్కడి బేస్‌మెంట్లలో దొరికేవి చాలావరకు అవే. ఒక్కసారి దాని వెనక్కి వెళ్లి చూడు. ముందు మీట నొక్కి వదిలితే 11 మిల్లీమీటర్ల స్టీలు గోళీ పైకి ఎగిరి, ఇత్తడి మేకుల మధ్య దొర్లుతూ దిగుతుంది. గెలుపు గూట్లో పడిందా, ఆ ఒక్క గోళీ బరువుకే వెనక మీట ఒరుగుతుంది, గంట మోగుతుంది, సాధారణంగా 15 గోళీలు గలగలా ముందుకొస్తాయి. చిన్న బల్బులకి తప్ప కరెంటుతో పనే లేదు. ఇంత నేర్పుని ప్లైవుడ్ వెనక దాచెయ్యడం నాకు ప్రాణం ఒప్పదు. అందుకే పెట్టె వెనక తలుపుకి చెక్క బదులు అక్రిలిక్ పలక వెయ్యమంటాను. ఇంటికొచ్చిన పిల్లలు ముందు ఆడతారు, తర్వాత వెనక్కి చేరి వదలరు.

ఇక కొలతలు. ఈ మిషన్లు సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 52 వెడల్పు ఉంటాయి. అయినా నీదాన్ని నువ్వే కొలువు, పైనా మధ్యనా కిందా వేరువేరుగా. పాత చెక్క ఎక్కడో ఒకచోట ఉబ్బి ఉంటుంది. దాని సొంత చట్రాన్ని మాత్రం కొయ్యొద్దు, రంగు పుయ్యొద్దు. పెట్టె నీది, చట్రం దానిది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బరువు ఆపుతుంది. ఆటభాగం మొత్తం ఎడమవైపు బందుల మీద తలుపులా బయటికి తెరుచుకుంటుంది. గోళీ ఇరుక్కున్నప్పుడల్లా తెరవాల్సిందే, కాబట్టి పెట్టె అంచు దానికి అడ్డం రాకూడదు. తెరిచినప్పుడు బరువంతా ముందుకొస్తుంది. అడుగుభాగం లోతుగా చేయించు, పుస్తకాల బీరువాలకి వాడే పట్టీతో గోడకి కట్టు. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం వాలు. మిషన్ నిటారుగా నిలబడకూడదు. పైఅంచు కిందిదానికన్నా సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర దాకా వెనక్కి ఉండాలి. నిటారుగా ఉంటే గోళీలు అద్దానికి కొట్టుకుని పిచ్చిగా ఎగురుతాయి. మరీ వాలితే మేకుల మీద బద్ధకంగా జారుతాయి. హాళ్లలో ఈ వాలు చూసుకోవడం, మేకుల్ని వెంట్రుకవాసి వంచడం ఒక విద్య, దానికోసమే మనుషులుండేవాళ్లు. నువ్వు మేకుల జోలికి వెళ్లకు. అడ్డంగా రసమట్టం, నిలువుకి గుండుదారం పెట్టి చూసుకో. కాసేపు ఆడి, అడుగున సన్నటి బద్దలు జరిపి సరిచేసి, అప్పుడు బిగించు.

రాలిన గోళీల దారి నీ చేతిలో పని. మిషన్ కింద ముందుకి వాలుగా ఒక పలక, రెండు పక్కలా అంచులు, చివర సొరుగు. పలక మీద ఫెల్ట్ గుడ్డ అంటించు, లేకపోతే ఆ చప్పుడుకి పైన పడుకున్నవాళ్లు లేచొస్తారు. పెట్టె పైన మూత తెరుచుకునేలా ఉండాలి, సొరుగులోవి తీసి తొట్టిలో పోసుకోవడానికి. గోళీల్ని తిరిగి పైకి ఎత్తిపోసే మోటార్లూ ఉన్నాయి గానీ, ఇలాంటి మిషన్‌కి చేత్తో పొయ్యడమే అందం. సొరుగుకి తాళం పెట్టించు. చంటిది నోట్లో పెట్టుకునేంత గోళీ అది. వాటికి నూనె రాయకు, దుమ్ము పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, తేమ తగలని చోట ఉంచితే చాలు.

నీ స్నేహితురాలు బొమ్మల తెర ఉన్న కొత్తరకం చూస్తోందన్నావు. దానికి 24 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, నేరుగా గోడ ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. గాలాడే కన్నాలూ, శబ్దం తగ్గించే మీటా కూడా కావాలని చెప్పు.

అమ్మ ఫోన్లో “జూదం మిషన్ ఇంట్లో పెట్టుకుంటారటే” అందని బాధపడ్డావు. అమ్మ భయం ఉత్తది కాదు. హాల్లో గోళీల్ని డబ్బిచ్చి తీసుకుంటారు, గెలిచినవాటికి వస్తువులిస్తారు, ఆ వస్తువుల్ని బయట ఇంకో కిటికీ దగ్గర నగదు చేసుకుంటారు. అలా సంసారాలు గుల్ల చేసుకున్నవాళ్లు ఉన్నారు. నీ ఇంట్లో ఆ కిటికీ లేదు, ఎన్ని గెలిచినా గోళీలు సొరుగులోకే పోతాయి. ఆ మాటే అమ్మకి నెమ్మదిగా చెప్పు, వీడియో కాల్‌లో వెనక తలుపు తీసి గంట మోగేది చూపించు.

పచింకో కూర్చుని ఆడే ఆట. కాబట్టి ముందు స్టూలు కొను. దాని మీద కూర్చుని, మోచెయ్యి వంచితే చెయ్యి ఎక్కడికొస్తుందో మీట అక్కడికి రావాలి, అడుగు ఎత్తు దాన్నిబట్టి. కొలత రాసి పంపించు. మీ బావ దగ్గర మంచి రంపాలున్నాయి, వచ్చే లాంగ్ వీకెండ్‌కి వేసుకుని వస్తాం. అందాకా మరిదిగారిని ప్లైవుడ్ కొయ్యనివ్వకు.