పొలము అంచున నిలిచిన పరదేశి

(పరరాష్ట్ర కళాశాలలో ప్రవేశముకొరకు కనిపెట్టుచున్న కుటుంబములకు ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: రూతు 2:1–23, 3:10–18, 4:1–10
కంఠస్థ వాక్యము: విలాపవాక్యములు 3:26



నాట్లు సాగుచుండు దినములలోనే మన పల్లెలలో కొన్ని ఇండ్లయందు మరియొక పని జరుగుచుండును. అది కంటికి కనబడని పని. ఇంటర్మీడియెట్ ముగించి నీట్ పరీక్ష వ్రాసిన కుమారుడో కుమార్తెయో సెల్‌ఫోను చేతబట్టుకొని కూర్చుండును. తండ్రి పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనకముందే “ఏమైనా తెలిసిందా?” అని అడుగును. తల్లి అడుగదు గాని, పొయ్యి దగ్గరనుండి వినుచుండును. ఆదివారము ఆరాధన ముగియగానే నలుగురు చుట్టుముట్టి అదే ప్రశ్న వేయుదురు. అందుచేత కొందరు బిడ్డలు ఆ నెలలలో గుడికి వచ్చుటకే జంకుదురు.

ఈ కనిపెట్టుట అందరికిని కష్టమే. అయితే పరరాష్ట్రపు కళాశాలకు దరఖాస్తు పెట్టినవారికి మరింత కష్టము. అక్కడ మనలను ఎరిగినవారు లేరు. ఆ భాష మనది కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, అక్కడివారికి మొదటి వంతు, బయటివారికి మిగిలిన వంతు. ఇట్టి స్థితిలో ఉన్నవారికి రూతు గ్రంథము మిక్కిలి దగ్గరి స్నేహితుడు. ఏలయనగా ఆమె పరదేశి. వేరొకరికి మొదటి హక్కు కలదని తెలిసి, తన సంగతి ఏలాగు తేలునోయని కనిపెట్టిన స్త్రీ.

1. పరిగె భిక్ష కాదు

రూతు మోయాబీయురాలు. బేత్లెహేములో ఆమెకు సెంటు భూమియైనను లేదు. అయినను పొలములోనికి పోయి పరిగె యేరుకొనెను. ఏ ధైర్యముతో పోయెను? కోత కోయువాడు పొలపు అంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు దేవుడు ముందే ధర్మశాస్త్రములో ఆజ్ఞాపించెను (లేవీయకాండము 19:9, 10, 23:22). కాబట్టి పరిగె పొలముగలవాని దయమీద మాత్రమే ఆధారపడినది కాదు. అది పరదేశికి దేవుడు నియమించిన భాగము.

మన దేశములోను ఇట్టి అంచు యొకటి కలదు. ప్రభుత్వ వైద్య కళాశాలలలోని ఎం.బి.బి.ఎస్. సీట్లలో నూటికి 85 ఆయా రాష్ట్రములు నింపుకొనును. నూటికి 15 అఖిల భారత కోటాకు విడువబడును; ఏ రాష్ట్రపు విద్యార్థియైనను ర్యాంకునుబట్టి వాటిని కోరుకొనవచ్చును. సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు దీనికి మూలము; నూటికి 15 అను లెక్క 1986లో స్థిరపడెను. కొన్ని సంవత్సరముల క్రిందటివరకు మన తెలుగు రాష్ట్రములు ఈ ఏర్పాటులో లేవు, నేడు ఉన్నవి.

మరియొక మార్పును గమనింపుడి. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు, చదువుల ప్రవేశములలో పాత ఏర్పాటు పది సంవత్సరములు సాగునట్లు చట్టములో వ్రాసిరి. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసెను. గనుక ఈ విషయములో గుంటూరు బిడ్డకు హైదరాబాదును, నల్గొండ బిడ్డకు విజయవాడయు పరరాష్ట్రమే. ఒకే భాష మాటలాడువారమైనను పరదేశి అనుభవము మన గుమ్మములోనికే వచ్చినది.

అయితే అంచు విడిచియున్నంత మాత్రమున గింజలు ఇంటికి నడిచి రావు. రూతు అనుమతి అడిగెను. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ఏరుకొనెను. ఏరినదానిని దుళ్లగొట్టి శుభ్రపరచెను. అట్లే విద్యార్థి చేయవలసిన పని కొంత కలదు. పేరు నమోదు చేయుట, ధరావతు కట్టుట, కోరుకొను కళాశాలలను వరుసగా వ్రాసి గడువులోపల స్థిరపరచుట, ధ్రువపత్రములను సిద్ధపరచుట మొదలైనవన్నియు పరిగె యేరుటయే. పత్రములలో ప్రతి మాట సత్యమై యుండవలెను. ఈ పని చేయక ప్రార్థన మాత్రమే చేయువాడు, పొలమునకు పోక గంప పట్టుకొని ఇంట కూర్చున్నవానివంటివాడు.

2. మనకంటె సమీపమైనవాని వంతు

బోయజు రూతుయెడల దయగలవాడు. ఆమెను విడిపించుటకు ఇష్టపడినవాడు. అయినను తనకంటె సమీపమైన బంధువుడు ఒకడున్నాడని దాచలేదు. ముందు అతనిని అడుగవలెనని చెప్పెను (3:12, 13). న్యాయముగా జరుగవలసినదానిని దాటి పోవుటకు బోయజు ఒప్పుకొనలేదు.

పరరాష్ట్ర విద్యార్థి మనస్సులో కొన్నిసార్లు చేదు పుట్టును. “నాకంటె తక్కువ ర్యాంకు వచ్చినవానికి అతని సొంత రాష్ట్రములో సీటు వచ్చినదే!” అనుకొనును. నిజమే, అట్లు జరుగును. అయితే మన రాష్ట్రములో మన బిడ్డలకును అట్టి వంతు కలదని మరువరాదు. మన ఊరి చెరువు నీరు ముందు మన పొలములకే రావలెనని కోరు మనము, పొరుగూరివారు అట్లే కోరిన యెడల కోపపడుట తగదు.

నాలుగవ అధ్యాయములో ఒక చిన్న సంగతి కలదు. మనము త్వరగా చదివి దానిని దాటిపోవుదుము. పదిమంది పెద్దల యెదుట బోయజు అడిగినప్పుడు, ఆ సమీప బంధువుడు మొదట ఒప్పుకొనెను (4:4). ఆ గడియలో తీర్పు వ్రాసియుంటే, సంగతి అక్కడితో ముగిసెడిది. తరువాత పూర్తి వివరము విని, తనవలన కాదని అతడు విడిచిపెట్టెను (4:6). ఇదంతయు పురద్వారమునొద్ద జరుగుచుండగా రూతు ఇంటియొద్ద నున్నది. ఆమెకు ఏమియు తెలియదు.

కౌన్సెలింగ్‌లోను ఇట్లే జరుగుచుండును. అఖిల భారత కోటా సీట్లను సాధారణముగా నాలుగు విడతలలో నింపుదురు. మొదటి విడతలో సీటు వచ్చినవాడు తన రాష్ట్రములోనే చోటు దొరికినందున దానిని వదలుకొనును. ఆ సీటు తరువాతి విడతలో క్రింది ర్యాంకువానికి దిగును. గనుక మొదటి జాబితాలో పేరు లేనంతమాత్రమున అంతయు ముగిసెనని ఏడ్వరాదు. వచ్చిన సీటును విడిచిపెట్టుటకు మాత్రము తొందరపడరాదు. కొన్ని విడతలలో సీటు వచ్చియు చేరనియెడల ధరావతు పోవును. పిమ్మట పాల్గొను అవకాశమును పోవచ్చును. నియమములు ఏటేట మారుచుండును గనుక ఆ సంవత్సరపు సమాచార పత్రమును శ్రద్ధగా చదివి, తెలియనియెడల ఎరిగిన ఉపాధ్యాయుని అడుగవలెను.

3. ఊరకుండుట అనగా ఏమి?

రూతు చేయవలసినదంతయు చేసిన తరువాత, సంగతి తేలువరకు కదలక కూర్చుండుమని నయోమి ఆమెకు చెప్పెను (3:18). ఇది సోమరితనము కాదు. రెండు పంటల కోతకాలమంతయు పనిచేసిన స్త్రీకి చెప్పిన మాట ఇది. చేయవలసినది చేసిన తరువాత చేయరానిదానిని చేయకుండుటయే ఊరకుండుట.

చేయరానివి ఏవి? మొదటిది, దళారులయొద్దకు పరుగెత్తుట. “ఫలానా రాష్ట్రములో నాకు తెలిసినవారున్నారు, కొంత సొమ్ము ముందుగా ఇచ్చినయెడల సీటు ఖాయము” అనువాడు పల్లెలకు వచ్చుచుండును. ర్యాంకునుబట్టి ఇచ్చు సీటును అమ్ముటకు ఎవనికిని అధికారము లేదు. అతని మాట నమ్మి ఎకరము అమ్మినవారు ఎకరమును సీటును రెండును పోగొట్టుకొందురు.

రెండవది, సోదె అడిగినట్లు ప్రవచనము అడుగుట. “నీ బిడ్డకు సీటు వచ్చునని ప్రభువు నాతో చెప్పెను” అని తేలికగా పలుకువారును, ఆ మాటకొరకు కానుకలు తీసికొనువారును ఉన్నారు. ఆ మాట నెరవేరనప్పుడు బిడ్డకు సీటు మాత్రమే కాదు, విశ్వాసమును పోవును. నయోమి అట్లు చెప్పలేదు. జయము కలుగునని ఆమె మాట ఇయ్యలేదు. ఆ మనుష్యుడు నేడు ఈ పని ముగించువరకు విశ్రమింపడని మాత్రమే చెప్పెను. ఫలితము తెలియదు గాని పనిచేయువాడు ఎట్టివాడో ఆమెకు తెలియును. మన నిరీక్షణయు అట్టిదే.

కనిపెట్టు కాలము మనము అనుకొనినదానికంటె పొడుగు కావచ్చును. 2024లో మే 5న నీట్ పరీక్ష జరిగెను. దానిని 23 లక్షలకు పైబడి వ్రాసిరి. జూన్ 4న ఫలితములు వచ్చెను. వాటిమీద వివాదము లేచి సుప్రీంకోర్టువరకు పోయెను. జూలై 26న సవరించిన ఫలితములు ఇచ్చిరి. ఆగస్టులో గాని కౌన్సెలింగ్ మొదలు కాలేదు. ఆ నెలలలో ప్రతి ఇంటను ఎంత నలుగుడు కలిగెనో తలంచుకొనుడి.

4. ఆరు కొలల యవలు

రూతు ఇంటికి తిరిగి వెళ్లునప్పుడు బోయజు ఆమె కొంగులో ఆరు కొలల యవలు పోసెను. ఆమె వట్టి చేతులతో అత్తయొద్దకు పోగూడదని అతని కోరిక (3:15, 17). సంగతి ఇంకను తేలలేదు. అయినను ఆ పూటకు ఆహారము కలిగెను. ఇది సంఘమునకు చెప్పబడిన పాఠము. సీటు ఇచ్చుట మన చేతిలో లేదు. కనిపెట్టు ఇంటికి ఆరు కొలలు పోయుట మన చేతిలోనే యున్నది.

ధరావతునకు చేబదులు ఇచ్చుట ఒక కొల. పట్టణములో దరఖాస్తు నింపుటకు తోడుపోవుట ఒక కొల. ప్రతి ఆదివారము “వచ్చినదా?” అని అడుగకుండుట మరియొక కొల, అది అన్నిటికంటె ఖర్చులేనిది. దూరపు ఊరికి పోవు బిడ్డకు అక్కడి సంఘ కాపరిపేర ఉత్తరము వ్రాసి ఇచ్చుట ఇంకొక కొల.

మన పెద్దలు ఇంతకంటె పెద్ద కొలయు పోసిరి. 1918లో డాక్టరు ఐడా స్కడర్ దొరసానిగారు తమిళ దేశమందలి వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి. 1947నుండి పురుషులును అందులో చేర్చుకొనబడిరి. ఆ కళాశాలకు తమ బిడ్డలను సిఫారసుచేసి పంపు సంఘములలో తెలుగు సంఘములును ఉన్నవి. అట్లు చదివినవారు తరువాత కొంతకాలము మిషను ఆస్పత్రులలో సేవ చేయవలెనని నియమము. నేడు అక్కడను నీట్ ర్యాంకు కావలెను. అయినను, బిడ్డ చదువు ఇంటివారి భారము మాత్రమే కాదు, సంఘము భారము అను తలంపు ఆ ఏర్పాటులో నేటికిని నిలిచియున్నది.

5. రాకపోయిన యెడల?

లక్షలమంది వ్రాయు పరీక్షలో అనేకులకు సీటు రాదు. విశ్వాసులకును రాదు. దీనిని దాచి ఓదార్చుట ఓదార్పు కాదు.

బోయజు రూతుతో చెప్పినదానిని మరల చదువుడి (3:13). ఆ సమీప బంధువుడు విడిపించిన యెడల మంచిదే. అతడు విడిపింపనియెడల తాను విడిపింతునని ఒట్టుపెట్టుకొనెను. అనగా పురద్వారమునొద్ద ఏ తీర్పు వచ్చినను రూతు దిక్కులేనిది కాదు. ఒక త్రోవ మూయబడినయెడల రెండవ త్రోవ అప్పటికే సిద్ధము. ఆమె ఊరకుండగలిగినది ఇందుచేతనే.

గుంటూరులో స్త్రీల ఆస్పత్రిని స్థాపించిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారి సంగతి మనవారికి తెలియును. ఆమె అమెరికాలో వైద్యము చదివి, వైద్య మిషనరీగా రావలెనని కోరిరి. అప్పటికి వారి మిషను వైద్యపు పనికి సిద్ధముగా లేదు. 1883లో బాలికల బడి పనికిని, స్త్రీలకు ఇండ్లలో బోధించు పనికిని పంపబడిరి. ఆమె అలిగి ఆగిపోలేదు. వచ్చి, ఇచ్చిన పని చేయుచు, తనయొద్దకు వచ్చిన రోగులను చూచుచు కనిపెట్టిరి. 1885లో వైద్య మిషనరీగా నియమింపబడిరి. 1898లో ఆస్పత్రి తెరువబడెను. కోరినది దొరకనప్పుడు దొరికిన పనిలో నమ్మకముగా నుండుట ఏమి ఫలించునో ఆ గోడలు నేటికిని చెప్పుచున్నవి.

తలిదండ్రులారా, ఒక మాట. ఫలితములు వచ్చు దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడి. ఆశ భంగమై బిడ్డలు ప్రాణము తీసికొనిన వార్తలను ఏటేట పత్రికలలో చదువుచున్నాము. సీటు రానియెడల “ఇంత ఖర్చుపెట్టితిమే” అను మాట ఆ దినమున నోట రానియ్యకుడి. నర్సింగు, ఫార్మసీ, ఉపాధ్యాయ శిక్షణ, వ్యవసాయ విద్య మొదలైన పొలములు ఇంకను ఉన్నవి. మరుసటి సంవత్సరమును ఉన్నది. ముందు భోజనము పెట్టుడి. నయోమి కోడలిని మొదట పిలిచిన పిలుపు “నా కుమారీ” అనునదే. తీర్పుకు ముందును ఆమె కుమార్తెయే. తీర్పు తరువాతను కుమార్తెయే.

చర్చించుటకు ప్రశ్నలు

1. పరదేశికొరకు పొలపు అంచు విడువవలెనని దేవుడు ఏల ఆజ్ఞాపించెను? మన ఊరిలో అట్టి అంచు ఎవరికొరకు విడువవలసియున్నది?
2. కనిపెట్టు కాలములో చేయవలసిన పని ఏది, మానవలసిన పని ఏది?
3. మన సంఘములో ఇప్పుడు కనిపెట్టుచున్న ఇల్లు ఏది? ఈ వారము మనము పోయగల కొల ఏది?

ప్రార్థనాంశములు

పరరాష్ట్రములలో ప్రవేశముకొరకు కనిపెట్టు మన బిడ్డలకొరకు; ఇదివరకే దూరపు ఊళ్లలో చదువుచు, తెలియని భాషలో ఆరాధించుచున్నవారికొరకు; సీటు రాక ఇంట మౌనముగా కూర్చున్నవారికొరకు; అప్పుచేసి చదివించు తలిదండ్రులకొరకు ప్రార్థింతము. ఏ తీర్పు వచ్చినను మనలను దిక్కులేనివారినిగా విడువని ప్రభువునకు మహిమ కలుగును గాక. ఆమేన్.