బర్మారు తుపాకీ గురి – ఒక భౌతికశాస్త్ర పరిశీలన

మన అనంతపురం జిల్లా పల్లెల్లో పాతకాలపు వేట ముచ్చట్లు మొదలైతే చాలు, "మందు ఇంకొంచెం దట్టించి ఉంటే పంది పడేదిరా" అనే మాట ఎవరో ఒకరి నోట వినబడుతుంది. నేను వేటగాణ్ణి కాను, భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఆ మాటలో నిజమెంతో లెక్క వేసి చూద్దామనే ఈ చిన్న వ్యాసానికి పూనుకున్నాను.

నాళిక మూతిలోంచే మందు, గుండు వేసి కడ్డీతో దట్టించే తుపాకీని మన వైపు బర్మారు అంటారు. వెనుక బెజ్జం దగ్గర రంజకమో, టోపీయో పేలి లోపలి మందును అంటిస్తుంది. పాలెగాళ్ల బంట్లుగా, హైదరాలీ, టిప్పు సేనల్లో సిపాయిలుగా పేరు పొందిన మన సీమ బోయలు వేటలోనూ ఆరితేరినవారు. 1776లో గుత్తి కోట హైదరుకు లొంగినప్పుడు గానీ, 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చాక మన్రో పాలెగాళ్లను అణచినప్పుడు గానీ, ఇరుపక్షాల చేతుల్లో ఉన్నవి మూతిలోంచి దట్టించే తుపాకులే.

గుండు ఎందుకు దారి తప్పుతుంది?

కుంపిణీ సిపాయిలు వాడిన బ్రౌన్ బెస్ తుపాకీ నాళిక లోపలి వ్యాసం 0.75 అంగుళం. అందులో వేసే గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. తొందరగా దట్టించడానికీ, నాళికలో మసి పేరుకున్నా గుండు దిగడానికీ ఈ సందు వదిలేవారు. కానీ ఆ సందు వల్ల గుండు గోడల్ని అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తుంది. చివరిసారి ఏ గోడకు తగిలితే దాన్ని బట్టి దాని దిక్కూ, గిరగిర తిరిగే తీరూ మారిపోతాయి.

దీన్ని ప్రయోగం చేసి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో గుండు వేగాన్ని లోలకంతో కొలిచే పద్ధతిని ప్రకటించినవాడు ఈయనే. నాళిక మూతిని కొంచెం ఎడమకు వంచి కాలిస్తే, గుండు ముందు ఎడమకు వెళ్లి, తర్వాత గాలిలో కుడికి మళ్లిందట! గుండు తిరుగుడే దానికి కారణం. ఈ రాబిన్స్ కుంపిణీ ఇంజనీరుగా వచ్చి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

ఇక లెక్కకు వద్దాం. గుండు ఒక్క డిగ్రీ పక్కకు పోతే 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లు తప్పుతుంది. మరి మందు పెంచితే కలిసివచ్చేదెంత? గాలి నిరోధాన్ని పక్కన పెడదాం. సెకనుకు 300 మీటర్ల వేగంతో పోయే గుండు 50 మీటర్లలో 13.6 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 330 మీటర్లకు పెరిగితే దిగేది 11.2 సెంటీమీటర్లు. అంటే లాభం రెండున్నర సెంటీమీటర్లు కూడా లేదు. పైగా ఎదురుతన్ను పెరుగుతుంది, పాత నాళిక పగిలే ప్రమాదం తోడవుతుంది. కాబట్టి గురి అంటే బలం కాదు. ప్రతిసారీ ఒకే తీరుగా కాలడమే గురి.

ఒకే తీరు ఎలా వస్తుంది?

మొదటిది, సందు పూడ్చాలి. కొవ్వు రాసిన గుడ్డపీలిక గుండుకు చుట్టి దట్టిస్తే అది గోడలకు కొట్టుకోదు. రెండవది, మందును పిడికిలి అంచనాతో కాక, ఆ తుపాకీకి తగిన ఒకే కొలపాత్రతో పోయాలి. మూడవది, గుండు మందుకు ఆనేదాకా దిగాలి. కడ్డీ మీద ఒక గీత పెట్టుకుంటే దిగిందీ లేనిదీ తెలిసిపోతుంది. మధ్యలో ఖాళీ ఉంటే గురి మాట అటుంచి, నాళికే పేలవచ్చు. నాలుగవది, తడిగుడ్డతో మసి తుడవడం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే మన పొడిగాలిలో నల్లమందు మసి గట్టి పెచ్చు కడుతుంది. తుడవకపోతే గుండు గుండుకూ నాళిక మారిపోయినట్టే.

నాళికలో మెలి గాడులు తీస్తే గుండు తన సొంత ఇరుసు మీద నిలకడగా తిరుగుతుంది. 1849లో ఫ్రాన్సులో మినియే రూపొందించిన గుండు అడుగుభాగం పేలుడుకు వెడల్పై ఆ గాడుల్ని పట్టుకొనేది. దట్టించడమూ సులువు, గురీ కుదిరింది.

సరిచూసే పద్ధతి మన ప్రయోగశాలలోనిదే. లైసెన్సు ఉన్నవారు, అనుమతి ఉన్న రేంజిలో, తుపాకీని ఇసుకమూట మీద ఆనించి కాగితం మీద ఐదు గుండ్లు కాల్చి చూడవచ్చు. ఐదూ ఒకచోట పడి, కేంద్రం మాత్రం తప్పితే లోపం గురిచూసే బొడిపెది. ఐదూ చెల్లాచెదురైతే లోపం ఎక్కువగా దట్టింపుది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే ఎరుక!

గుండు తప్పితే నష్టం ఎవరికి?

వేట కోసం ఇదంతా నేర్చుకొమ్మని చెప్పడం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవీ పోయాయి. కృష్ణజింకను కొట్టితే జైలే. కానీ రాత్రంతా శెనక్కాయ చేనికి కాపలా కాసే రైతు కష్టమూ అబద్ధం కాదు. పంట రక్షణకు మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలో ఉంది. అయితే ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు. దానికి వన్యప్రాణి చట్టం కింద అధికారుల అనుమతి వేరుగా ఉండాలి.

అనుమతి ఉన్నచోట కూడా చీకట్లో, అరకొర గురితో కాల్చిన గుండు పందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది పొదలో పడుకుంటే తెల్లారి దాని ఎదుట పడేది కట్టెలకు పోయిన ఆడమనిషో, గొర్రెల కాపరి పిల్లవాడో. పందికి తగలని గుండు పక్కచేను కాపలా మనిషికి తగలవచ్చు. ఐదు గుండ్లూ ఎంత వెడల్పున పడతాయో, అంతకన్నా చిన్న గురి మీద ఆ తుపాకీ ఎత్తకూడదు. ఎక్కడ కాల్చకూడదో తెలియజెప్పడమే ఈ లెక్కలన్నిటి మొదటి ప్రయోజనమని నా అభిప్రాయం.