పొలిమేర రాయి – సాక్షి రాయి

పాఠ్యభాగములు: ఆదికాండము 31:44-54, ద్వితీయోపదేశకాండము 19:14, సామెతలు 23:10, 11



మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట గుర్తుగా రాయి పాతుట మన దేశములో పాత ఆచారము. తూర్పు చాళుక్యుల నాటి దాన శాసనాలలో అట్టి చోటును ‘ముయ్యలకుట్టు’ అన్నారు. మూడు ఎల్లలు కలిసే చోటని అర్థము. సర్వే వారు ఇప్పుడు దానిని ట్రైజంక్షన్ అంటారు. మామూలు హద్దురాయి కదిలితే ఇద్దరికి తగవు. ఈ రాయి కదిలితే మూడు ఊళ్లకు తగవు.

1. పేర్లు మారినవి

తిరుత్తణి ప్రాంతము ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము వచ్చినప్పుడు ఈ తాలూకా ఎవరిదన్న వివాదము పెరిగినది. పటాస్కర్ గారు గ్రామమును ప్రమాణముగా తీసుకొని, ఎక్కువమంది మాట్లాడే భాషను, భూమి కలిసియుండుటను చూచి తీర్పు చెప్పారు. 1959లో చట్టము చేయబడి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు, సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వెళ్లినవి. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినది.

గ్రామమే ప్రమాణము గనుక, నిన్నటి ఊరి పొలిమేరే తెల్లవారేసరికి రాష్ట్రపు పొలిమేర అయినది. ఇటు తెలుగువారు, అటు తమిళులు మిగిలిపోయారు. వియ్యాలు, సంతలు మాత్రము ఆగలేదు.

2. ఒక కుప్ప, రెండు పేర్లు

లాబాను, యాకోబు రాళ్లు కుప్పవేసి నిబంధన చేసికొన్నారు. లాబాను తన భాషలో యగర్ శాహదూతా అన్నాడు. యాకోబు తన భాషలో గలేదు అన్నాడు. రెండింటి అర్థమూ సాక్షి కుప్ప అనే. ఒకరి మాటను మరొకరు కొట్టివేయలేదు. ఒకరికొకరు కీడు తలపెట్టి దానిని దాటరాదని ఒప్పుకొని, కలిసి భోజనము చేశారు. ఆ హద్దు ఆపినది హానిని, మనుష్యులను కాదు.

3. మనము మార్చరానిది

రాజ్యపు హద్దులను ప్రభుత్వము చట్టముతో మార్చవచ్చును. పొరుగువాని గట్టును మార్చుటకు మనకు అధికారము లేదు. 1923 నాటి మద్రాసు సర్వే, హద్దుల చట్టము కూడా సర్వే రాళ్లను కాపాడుతుంది. తండ్రిలేని పిల్లల పొలములో చొరబడరాదని సామెతల గ్రంథము హెచ్చరిస్తున్నది. వారి తరఫున నిలిచేవాడు దేవుడే.

మనలో అనేకులము ఊరు విడిచి వచ్చి స్థిరపడినవారము. ఊరిలో మన పొలము ప్రక్కన ఒక విధవరాలిదో, వలస వెళ్లిన మరొకరిదో పొలము ఉండును. చూచేవారు లేరని కౌలుదారు ఏటేటా ఒక చాలు కలుపుకొని దున్నితే, ఆ గింజలు మన ఇంటికే వచ్చును. కావున ఊరికి వెళ్లినప్పుడు పొలము చుట్టూ నడచి రాళ్లను చూడుదము. రాయి కనబడకపోతే పొరుగువానిని పిలిచి, సర్వే చేయించి, ఇద్దరి ఎదుట పాతించుదము. మన పిల్లలకు ఆ రాళ్లను చూపించుదము.

చర్చకు ప్రశ్నలు

1. లాబాను, యాకోబులు తమ నిబంధనకు ఎవరిని సాక్షిగా పిలిచారు?
2. మన ఊరిలో మనము చూడక విడిచిన హద్దు ఏది?
3. మన ప్రక్కింటి తమిళ కుటుంబముతో కలిసి చివరిసారి ఎప్పుడు భోజనము చేశాము?